గురువారం సాయంత్రం యూదుల కుర్రాడు

పోయిన నెల మా ప్రార్థనా మందిరం కప్పు బాగుచేయించడానికని ఆవరణలో పాత సామాన్లు అమ్మకానికి పెట్టారు. నాకు అప్పగించిన బల్ల మీద వీడియో క్యాసెట్లున్నాయి. వాటిని ఆడించే యంత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు, అయినా ఎవరో అట్టపెట్టె నిండా సర్ది తెచ్చిచ్చారు. అందులో ఒకదాని మీద ఆ కుర్రాడి బొమ్మ కనిపించింది. పెద్ద చెవులు, నడినెత్తి నుంచి పక్కకు జారిన చిన్న టోపీ, కాసేపట్లో తిట్లు తినబోతున్నవాడి నవ్వు. ఆ తరువాత ఆ పూట ఎవరికి ఏం అమ్మానో నాకు గుర్తు లేదు.

ఈ దేశంలో నల్లవాళ్లకూ ఓటు వచ్చి కొత్త జెండా ఎగిరిన మరుసటి ఏడాది, నేను కృష్ణా జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టు ఉద్యోగం వదులుకుని, సముద్రం దాటి టోంగాట్‌లో మిల్లు పనికి వచ్చాను. అప్పటికి పెళ్లి కాలేదు. ఒక ముసలావిడ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. వాళ్లది తాతల నాడు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన కుటుంబం. నేను ఆవిడను అవ్వా అని పిలిచేవాణ్ణి. ఆవిడ తెలుగు వింటే మొదటిరోజు నవ్వొచ్చింది, రెండోరోజు ఇంకోసారి అనమని అడిగాను, ఎందుకంటే మా తాతమ్మతో పోయాయనుకున్న మాటలు కొన్ని అందులో బతికి ఉన్నాయి. వ్యాకరణం చెదిరిపోయినా తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టే కాలంలో నల్లటి మసి ఎగిరొచ్చి ఆరేసిన దుప్పట్ల మీద వాలితే, ఆ మసికి వంశం లేకుండా పోవాలని ఆవిడ శపించేది. భర్త పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన చివరిదాకా నామం పెట్టుకుని, శనివారాలు గోవిందా అంటూ ఉపవాసం ఉన్న మనిషి. ఆవిడ మాత్రం తన కడుపులో గడ్డ ప్రార్థనతో కరిగిందని నమ్మి, అంతకు మూడేళ్ల ముందే బాప్తిస్మం తీసుకుంది. ఇద్దరూ ఈ విషయమై ఒక్కనాడూ పోట్లాడుకోలేదట.

మా నాన్న సువార్తికుడు. పదేళ్లు నిండేసరికి నాకు కీర్తనలు సగం కంఠస్థం. టీవీ పెట్టె విశ్వాసి ఇంట్లో ఉండదగింది కాదని నేను నిజంగానే నమ్మేవాణ్ణి. అవ్వ వెళ్లే సంఘంలోనూ అదే బోధ. అయినా గురువారం సాయంత్రం ఆరయ్యేసరికి ఆవిడ పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, తలమీద ముసుగు సరిచేసుకుని టీవీ ముందు కూర్చునేది. వర్షం ఆగని ఏదో ఓడరేవు ఊళ్లో ఒక యూదుల కుర్రాడు పెరగడం ఆ ధారావాహిక కథ. కాసేపు నవ్వించేది, ఉన్నట్టుండి ఏడిపించేది. ఇదేమిటవ్వా అని నేను ముఖం చిట్లిస్తే, “ఇది సినిమా కాదు నాయనా. వీళ్లు యేసయ్య చుట్టాలు. చుట్టం ఇల్లు చూస్తే ఏమి పాపం?” అంది.  మొదట గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మూడోవారానికి కుర్చీ లాక్కున్నాను.

వాళ్ల ఇంగ్లీషు వేగం నాకు అందేది కాదు. అవ్వ అందులో పుట్టి పెరిగింది కనుక నాకు తెలుగులో చెప్పేది. పాలకూ మాంసానికీ వేరువేరు గిన్నెలు ఎందుకో నేను ధర్మశాస్త్రం నుంచి ఆవిడకు చెప్పేవాణ్ణి. అలా ఇద్దరం కలిస్తే ఒక ప్రేక్షకుడికి సరిపోయేవాళ్లం. ఆ కుర్రాడు చేపల కొట్టు వెనక దాక్కుని పంది మాంసం తిన్న రోజున, “హైబో! కొట్టమ్మా, వాణ్ణి కొట్టు!” అని టీవీలో తల్లికి ఆవిడ కేకేసి చెప్పింది. యూదుల ఆచారం ప్రకారం పదమూడేళ్లు నిండితే వాడు సమాజం ముందు నిలబడి లేఖనం చదవాలి. సరిగ్గా అప్పుడే గొంతు మారడం మొదలైంది. అవ్వకు బెంగ పట్టుకుంది. బుధవారం ప్రార్థన కూటంలో లేచి, “పదమూడేళ్ల యూదుల పిల్లోడు ఉన్నాడు, గొంతు పోయింది, అందరి ముందర వాక్యం చదవాల” అని మనవి చేసింది. సహోదరీలు ఒకపూట ఉపవాసం ఉన్నారు. ఏ ఆస్పత్రిలో ఉన్నాడని పాస్టరు అడిగితే, “ఆస్పత్రి లేదు పాస్టర్, గురువారం వస్తాడు” అంది. పాపం, ఆయన వాడు మందిరానికి వస్తాడనుకుని, గురువారం యువకుల కూటానికి ముందు వరసలో ఒక కుర్చీ అదనంగా వేయించాడు.

అవ్వకు అరగంట దూరంలోని ఫీనిక్స్‌లో ఒక కొడుకు ఉన్నాడు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. తండ్రి పదహారో రోజు కర్మకు తల్లి రాలేదని, ఆనాటి నుంచి గడప తొక్కలేదు. తండ్రి పోయి ఏడాది దగ్గరపడుతుండగా ఒక ఆదివారం వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. “ఈ శనివారం కాదు, పై శనివారం నాయన ఏడాది దీపం. నువ్వు రావాల అమ్మా” అన్నాడు. పై ఆదివారం చెబుతానంది అవ్వ. టీ తాగిపొమ్మంటే తాగలేదు. కారు మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు చువ్వలు పట్టుకునే ఉంది.

ఆ గురువారం టీవీలో కుర్రాడి తాత చనిపోయాడు. అంతవరకు నవ్వించినవాళ్లంతా నల్లబట్టలు కట్టుకున్నారు. తల్లి ఒక గాజు గ్లాసులో దీపం వెలిగించి కిటికీలో పెట్టింది. కుర్రాడు పగిలిన గొంతుతోనే తాత కోసం ప్రార్థన చదివాడు. అయిపోయాక అవ్వ టీవీ ఆపి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. తరువాత అడిగింది. “నాయనా, నువ్వు వాక్యం తెలిసినోడివి. ఈ అమ్మ చచ్చిపోయిన తాతకి దీపం పెట్టింది. దేవుడు ఆమెని తిట్టలేదు. నేను కొడుకు ఇంటికి పోతే నన్ను తిడతాడా?”

నేను గదికి వెళ్లి గ్రంథం తెచ్చాను. మృతుల కోసం ఆచారాలు చేయకూడదని మూడుచోట్ల చూపించాను. ఆ యూదులు ఇంకా పాత నిబంధన కింద ఉన్నారని, మనం కృప కిందికి వచ్చామని, విడిచిపెట్టినదాన్ని మళ్లీ ముట్టుకోకూడదని అరగంట చెప్పాను. బాగానే చెప్పాను. ఆవిడ అంతా విని, “సరే నాయనా” అని లేచి, చల్లారిన కూర మళ్లీ వేడిచేసింది.

ఆదివారం కొడుకు వస్తే రానని చెప్పింది. అతను ఆవిడ భుజం మీదుగా నన్ను చూసి, “నువ్వు చెప్పినావా?” అన్నాడు. అవునన్నాను. ఒక ఆత్మను కాపాడానన్న సంతోషం ఆ క్షణాన నాలో ఉంది. దాన్ని దాచి రాయడం అబద్ధమవుతుంది.

దీపం పెట్టే ఆ శనివారం అవ్వ పొద్దుటినుంచీ ఇల్లు కడిగింది. కడిగిందే మళ్లీ కడిగింది. ఆ తరువాతి గురువారాల్లో టీవీ పెట్టలేదు. కుర్రాడు లేఖనం చదివాడో లేదో మా ఇద్దరికీ తెలియకుండానే పోయింది. ఇక్కడ చలికాలమైన జూలైలో ఒక ఉదయం అవ్వ వంటింట్లో కూలబడింది. మాట పడిపోయింది. కొడుకు ఆస్పత్రికి వచ్చేసరికి ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. ఆగస్టులో పోయింది. సంఘం పద్ధతిలోనే సమాధి చేశాం. ఆనాటి పాటలు నేనే ఎత్తుకున్నాను.

అంతా వెళ్లిపోయాక కొడుకు నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. “దీపం నా భార్య పెడతాది, బ్రదర్,” అన్నాడు, నేల చూస్తూ. “అమ్మని దీపం ముట్టుకో అని నేను అడగలేదు. వచ్చి కూర్చుంటే చాలు. కొంచెం అన్నం తింటే చాలు. పిల్లలు చూడాల కదా, అవ్వ మన ఇంటికి వచ్చింది అని.”

ఆరోజు నేను చూపించిన వాక్యాల్లో తప్పు లేదు. ఇవాళ ఎవరడిగినా అవే చూపిస్తాను. కానీ ఆవిడ దీపం గురించి అడగలేదు, కొడుకు ఇంటికి పోవచ్చునా అని అడిగింది. గ్రంథం తేవడానికి లేవకుండా, అక్కడ నిన్నేం చేయమన్నారవ్వా అని ఒక్కమాట అడిగి ఉండాల్సింది. ఆ మాట నాకు తోచేసరికి నా తల నెరిసింది. ఆవిడ దగ్గర ఆరోజు మిగిలి ఉన్నది నాలుగే నెలలు.