వెనక వరుస మారార్

కేరళలో మా ఊరు చేర్పులో చెండ డోళ్ల మేళం జరిగితే నేను తాళాలు పట్టుకుని వెనక వరుసలో నిలబడతాను. నా పక్కన లయ కొట్టే చెండ అచ్యుత మారార్‌ది. ముందువాళ్లు ఎంత విజృంభించినా ఆయన ఉలకడు, పలకడు. దెబ్బ మాత్రం తప్పదు. ఆయన తండ్రి పేరున్న ఆశాన్, చెండ గురువు. కొడుకును తెల్లవారకముందే లేపి రాతిపలక ముందు కూర్చోబెట్టి చింతకర్రలతో సాధన చేయించేవాడు. తప్పితే అవే కర్రలు వీపు మీద విరిగేవి. ఆ ముసలాయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కొడుక్కి పాఠాలన్నీ వచ్చాయి, ఇష్టమే రాలేదు. ముందు వరుసలోకి రమ్మని ఆయన్నెవరూ పిలవలేదు.

పోయిన ఏడాది ఆయన భార్య సుభద్ర, యాభై దాటాక, ఆడవాళ్ల చెండ తరగతిలో చేరింది. పెరట్లో రాయి మీద సాధన చేసేది. తప్పు పడితే పకపకా నవ్వి మళ్లీ మొదలుపెట్టేది.

"ఇకిలిస్తూ కొడితే చెండ వస్తుందా? అరంగేట్రంలో తప్పావంటే ఆశాన్ కోడలివని నలుగురూ నా మొహానే ఊస్తారు" అని కసిరేవాడు మారార్.

"మీరు వెనకే ఉంటారుగా ఏట్టా, తప్పితే సర్దండి" అనేసేది.

అరంగేట్రం రోజు సుభద్ర తన గురువు చేతుల మీదుగా కర్రలు అందుకుని ముందు వరుసలో నిలబడింది. మేళం వేగం పెరిగింది. తక్కిన కొత్తవాళ్లు పెదాలు కదుపుతూ లెక్క పెట్టుకుంటున్నారు. సుభద్ర భుజాలు ఊగుతున్నాయి. జనం చేతులు గాల్లోకి లేపి ఆమెతో పాటు ఊపుతున్నారు. అచ్యుత మారార్ కళ్లప్పగించి ఆమెనే చూస్తున్నాడు.

ఆయన దెబ్బ తప్పింది. నా తాళం చెదిరింది, వరుసంతా తడబడింది. సుభద్ర ఆగలేదు. ఆమె చెండ దెబ్బను పట్టుకునే మేమంతా దారిలో పడ్డాం.

"ఏం మారారే, కునుకు పట్టిందా?" అన్నారెవరో, మేళం ముగిశాక. ఆయన చెండ దించి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సుభద్ర చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. వింటూ ఉండిపోయా." ఆయన తలెత్తలేదు. "ఇన్నేళ్లు కొట్టానే గానీ, ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు."

ఆమె పక్కన కూర్చుంది.

"అడగాలంటే సిగ్గుగా ఉంది సుభద్రా. అందులో నీకేం బాగుంటుందో నాకూ కాస్త చెప్పవా?"