ఇనుప పలక మీద ఎత్తు

మన దీవికి సొంత జెండా రాకముందు, ఫ్లాక్ ఊరి నుంచి వచ్చే బస్సులో ఒక తాత నా పక్కన కూర్చున్నాడు. గుడ్డ చుట్టిన ఇనుప పలకను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ పాపాయికి టికెట్టు తీశావా తాతా?" అన్నాను, ఆపకుండా సాగుతున్న నా వాగుడు మధ్యలో.

"ఇది మూతపడ్డ చక్కెర మిల్లు లేతు మిషనుది బాబూ. మూడేళ్ళుగా ఇంట్లో చేత్తో గీకి నునుపు చేస్తున్నా. అయ్యో, వేళ్ళు మొద్దుబారాయి. ఇక బాగుపడవని ఇప్పుడే ఆసుపత్రిలో చెప్పారు. నువ్వు తడిమి చూడు. ఎక్కడైనా ఎత్తు మిగిలుంటే మళ్ళీ గీకడం నావల్ల కాదు."

గుడ్డ తీసి తడిమాను. మధ్యలో సన్నని ఎత్తు వేలికి తగిలింది.

"అద్దంలా ఉంది తాతా," అన్నాను చివరికి.

తాత నవ్వాడు. "బస్సెక్కినప్పటినుంచి నోరు మూయనివాడివి. ఇంతసేపు ఆగావంటే ఎత్తు ఉన్నట్టే."

బెల్ ఎయిర్ ఊరు వచ్చేసరికి పలకకు మళ్ళీ గుడ్డ చుట్టి ఇచ్చాను. తాత పలక మోసుకుంటూ అక్కడ దిగిపోయాడు.