శుక్రవారం బిళ్ల

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర మందుల షాపులో పనిచేసే జాయిస్, బిళ్లలు కవరులో వేసే ముందు అందరినీ ఒకే మాట అడుగుతుంది: "ఎన్నింటికి తింటారు?" వెనకున్నవాళ్లు బస్సు పోతుందని విసుక్కున్నా తలెత్తదు. జవాబు విన్నాకే మార్కరు తీసి కవరు మీద పెద్దక్షరాలతో రాస్తుంది. పత్తి చేలకు పోయేవాళ్లు ఇంట్లో టిఫిన్ తినరు. అందుకని వాళ్లకు 'క్యారేజీ విప్పే ముందు' అని రాస్తుంది.

ఆ రాత మీద ఆమెకు కాస్త గర్వమే. అలాంటిది ఒకరోజు వత్సవాయి నుంచి పుష్పవతి వచ్చి, షుగరు బిళ్లల షీటు కౌంటరు మీద పడేసింది.

"ఇయ్యి నాకొద్దమ్మా. మింగి మందిరంలో పడిపోయా. పాస్టరమ్మ చక్కెర నీళ్లు పోస్తే లేచా."

"ఏమన్నా తిన్నావా పిన్నీ?"

"శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకుని తింటానా? తిండే మానేశా, నీ బిళ్ల మాత్రం మానలేదు!"

జాయిస్ నాలుక కరుచుకుంది. తినే వేళ అడిగింది గానీ, తినని రోజు సంగతి అడగలేదు. ఇప్పుడీ మనిషి మందే మానేసేలా ఉంది. నిరుడు షుగరు పెరిగి, కాలి పుండు మానక కూలికి కూడా పోలేక ఇంట్లో కూర్చుంది.

వెంటనే ఆ బిళ్లలు రాసిన డాక్టర్ భవానీప్రసాద్‌కు ఫోన్ చేసి, సంగతి చెప్పి స్పీకరు పెట్టింది.

"ఉపవాసమే వద్దని చెప్పమ్మా," అన్నాడాయన.

"మాటిచ్చింది దేవుడికి డాక్టరుగారూ, తమరికి కాదు," అంది పుష్పవతి.

ఆయన నవ్వేశాడు. "సరే, ఆరోజు పొద్దున బిళ్ల వద్దు. ప్రార్థనయ్యాక అన్నం ముందు పెట్టుకుని వేసుకో. కళ్లు తిరిగితే మాత్రం ఉపవాసం గిపవాసం లేదు, వెంటనే చక్కెర తిను."

జాయిస్ కొత్త కవరు మీద అదంతా రాసి, చదివి వినిపించింది. "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు."

పుష్పవతి తప్పు లేకుండా అప్పజెప్పింది. "మరి పాస్టరుగారి ప్రార్థన పొడుగైతే?"

"బిళ్ల కూడా కళ్లు మూసుకుని ఆగుద్ది పిన్నీ."

పుష్పవతి ఫక్కున నవ్వి షీటు సంచిలో వేసుకుంది.

ఆ శుక్రవారం పడిపోలేదు. సోమవారం మాత్రం మందిరంలోని మరో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"వీళ్లక్కూడా శుక్రవారానిది రాసియ్యమ్మా. ఈ క్రిస్టీకి అక్కర్లేదులే. ఆమెన్ అనకముందే అరటిపండు తింటది."

"పోవే! ఒక్కసారి తింటే చూసింది, ఊరంతా చాటుద్ది," అని క్రిస్టీ గొణిగి, కౌంటరు మీదికి వంగింది. "నాకు అరటిపండుతో కలిపే రాయమ్మా."

జాయిస్ నవ్వాపుకుంటూ మళ్లీ డాక్టరుకు ఫోన్ కలిపింది.