మద్రాసా, హైదరాబాదా: రేపల్లె, బాపట్ల చుట్టి వచ్చిన రోజు

1974 వేసవిలో నాకు ఉద్యోగం వచ్చింది. ఒక మందుల కంపెనీలో స్టెనో పని. మద్రాసు ఆఫీసులోనూ హైదరాబాదు ఆఫీసులోనూ ఖాళీలున్నాయి, ఎక్కడ చేరతారో త్వరగా తెలియజేయమన్నారు. తెనాలిలో పుట్టి పెరిగిన నేను అప్పటికి గుంటూరు, విజయవాడ తప్ప మరో పట్నం చూడలేదు. నాన్నకి దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం. ఎంత తెలిసిన రైతు తెచ్చినా కొమ్ము విరిచి చూడనిదే బస్తా కొనేవాడు కాదు. ఆ రెండూళ్లలో ఉండొచ్చినవాళ్లని అడిగి చూద్దామని ఆయనే నన్ను బయల్దేరదీశాడు. మద్రాసు సంగతి రేపల్లెలో, హైదరాబాదు సంగతి బాపట్లలో, ఒక్క రోజులో రెండూ. ఉద్యోగం కోసం ఊరు మారబోతూ ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకి పనికొస్తుందని ఆ రోజు జరిగింది రాస్తున్నాను.

తెనాలి నుంచి రేపల్లెకి పొద్దున్నే పాసింజరు ఉండేది. టిక్కెట్టు రూపాయి లోపే. వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంట పైన పట్టేది, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో బొగ్గు నలుసులు పడేవి. మా ఎదుటి సీటాయన తమ్ముడు మద్రాసులో ఉంటాడని తెలిసి నాన్న మాట కలిపాడు. ఊరు బాగుంటుందని ఆయన అన్నంతసేపూ నాన్న బయటికి చూస్తూ కూర్చున్నాడు. నీళ్లకి మాత్రం కటకట అనగానే ఇటు తిరిగి, ఎన్ని బిందెలిస్తారు, ఎవరు మోస్తారు అని గుచ్చి గుచ్చి అడిగాడు. నాకది కొంచెం వింతగా అనిపించినా, నా గురించే కదా అనుకున్నాను.

రేపల్లెలో నాన్న స్నేహితుడు సాంబయ్య బాబాయ్ ఇల్లు స్టేషనుకి దగ్గరే. సముద్రం మీద బతికే కుటుంబం వాళ్లది. ఎండుచేపల వ్యాపారం మీద పదేళ్లకి పైగా మద్రాసులో ఉండి తిరిగొచ్చాడు. మేం కూర్చోగానే, నేను అడక్కుండానే మొదలుపెట్టాడు. ఒంటరి ఆడపిల్లకి అక్కడ గది ఇవ్వరన్నాడు, అరవం రాకపోతే కూరగాయలు కూడా కొనలేమన్నాడు, చీకటి పడితే బయట తిరగలేమన్నాడు. ఒక్కసారీ నా మొహం చూడలేదు. ఒక్కో మాటా అయ్యాక నాన్న వైపు చూసేవాడు.

"మరి అన్నేళ్లు ఎలా ఉన్నారు బాబాయ్?" అని అడిగాను.

ఆయన మెడ రుద్దుకుంటూ భోజనాల సంగతి చూడమని లోపలికి కేకేశాడు. వాళ్లావిడ నాంచారమ్మ మాకు కొరమేను పులుసుతో అన్నం పెట్టింది. బయల్దేరుతుంటే ఒక గొడుగు తెచ్చి నాన్న చేతికిచ్చింది.

"మొన్నొచ్చినప్పుడు మర్చిపోయారండి అన్నయ్యగారూ."

ఆ గొడుగుని యార్డులో ఎవరో ఎత్తుకుపోయారని నాన్న ఇంట్లో చెప్పాడు. ఇప్పుడు దాన్ని చంకలో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికొచ్చాక, వేరే పని మీద వచ్చాలే అన్నాడు.

రేపల్లె నుంచి బాపట్లకి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బస్సు. రెండు గంటలకి పైగా ఎగురుతూ వెళ్లాం. బాపట్ల వెళ్తుందా అని నాన్న కండక్టర్ని అడిగాడు, మళ్లీ పక్కాయన్నీ అడిగాడు. "బోర్డు మీద రాసుంది కదండి" అన్నాడు కండక్టరు. బోర్డునే నమ్మని మనిషి, సాంబయ్య చెప్పిందంతా ఎదురు ప్రశ్న వేయకుండా ఎలా విన్నాడు? కర్లపాలెం దాటేసరికి, బాపట్లలోనైనా నాన్న పక్కన లేకుండా వినాలని నిశ్చయించుకున్నాను. బాపట్లలో దిగగానే, నువ్వు టీ తాగి రా, నేను ముందు వెళ్తానన్నాను. ఇల్లు తెలీదు కదా అన్నాడు. అడుగుతూ వెళ్తానని చెప్పి వెనక్కి చూడకుండా నడిచాను.

రాజ్యం అత్తయ్య నాన్నకి వరసకి చెల్లెలు. హైదరాబాదులో ఒక ఆఫీసులో టైపిస్టుగా చాలా ఏళ్లు చేసి, బదిలీ మీద బాపట్ల వచ్చింది. నన్ను ఒక్కదాన్నీ చూసి తలుపు దగ్గరే నవ్వింది.

"మీ నాన్న పోయిన వారం వచ్చి నాకు పాఠం చెప్పి వెళ్లాడే. ఆ ఊరు ఆడపిల్లలకి పనికిరాదని నీకు చెప్పాలట. నాకు తెలిసింది చెప్తానన్నయ్యా, అదొక్కటీ చెప్పనన్నాను."

తర్వాత తెలిసింది చెప్పింది. తెలంగాణ గొడవల రోజుల్లో ఆంధ్రా మనిషివని ఇంటాయన గది ఖాళీ చేయమన్నాడట. ట్రంకుపెట్టె పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, కింద వాటాలో ఉండే ముసలావిడ తన వంటింటి పక్క గదిలో చాప వేసి రెండు నెలలు ఉంచుకుందట. ఆవిడా ఆ ఊరి మనిషే.

"మొదటి ఏడాది ఏడ్చాను. తర్వాత తీరిక లేకపోయింది" అంది అత్తయ్య. అప్పుడే నాన్న వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్లు తాగి, హైదరాబాదు మాటే ఎత్తలేదు.

సాయంత్రం బాపట్ల ప్లాట్‌ఫారం మీద తెనాలి బండి కోసం కూర్చున్నప్పుడు అడిగేశాను.

"వద్దనాలనుంటే నువ్వే అనొచ్చుగా నాన్నా. వాళ్లందరి చేతా ఎందుకు అనిపించడం?"

చంకలోని గొడుగు తీసి పక్కన పెట్టాడు. "నేను వద్దంటే నువ్వు జన్మంతా మర్చిపోవు. ఊళ్లే బాగోలేవనుకుంటే నీ అంతట నువ్వే మానుకుంటావనుకున్నాను."

"అయితే ఇప్పుడు అను. మానేస్తాను."

అన్నానే గానీ, నిజంగా అంటాడేమోనని బండి వస్తోందా అని లేచి నిలబడ్డాను. బండొచ్చింది, ఎక్కాం. నిడుబ్రోలు దాటేదాకా, అత్తయ్య మెట్ల మీద కూర్చున్న సంగతీ ముసలావిడ సంగతీ ఆయనకి చెప్పాను. ఆ తర్వాత, నా వైపు చూడకుండానే, "మీ అత్తయ్య ఉన్నది ఏ పేటలో?" అని అడిగాడు. చిక్కడపల్లిలో అన్నాను. ఆ ముసలావిడ ఇంకా అక్కడే ఉందో లేదో కనుక్కోవాలన్నాడు.

ఉంది. ఆవిడ పక్కవాటాలోనే నాకు గది దొరికింది. నాన్న వచ్చి తలుపు గడియ పదిసార్లు లాగి చూసి వెళ్లాడు. మద్రాసు నిజంగా చెడ్డ ఊరేం కాదని తర్వాత చాలామంది చెప్పారు, కాదనను. కానీ ఆ రోజు మద్రాసు గురించి నేను విన్నదంతా నాన్న భయం. హైదరాబాదు గురించి మాత్రం ఒక మనిషి అనుభవం విన్నాను. చేదు కూడా దాచకుండా చెప్పింది కాబట్టే ఆ ఊరిని నమ్మగలిగాను. మీరూ ఇలా వాకబు చేయడానికి వెళ్తుంటే ఒక్క మాట. ఒంటరిగా వెళ్లండి. ఊరెలా ఉంటుందని అడక్కండి, అక్కడ మీకు బాగా కష్టమొచ్చిన రోజున ఎవరు తలుపు తీశారని అడగండి.