కుమ్మరి ఇంట్లో చల్లారిన తేనీరు

వై టూ కే హడావిడి ముగిసి, సింగపూర్ సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసులో అందరికీ సెలవులు దొరికిన ఏడాది అది. చెక్క అచ్చులతో వేసే జపాన్ బొమ్మలంటే నాకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. యాభై మంది కూడా పట్టని చిన్న ఓడలో జపాన్ లోపలి సముద్రమంతా తిప్పుతూ, రేవు రేవునా ఒక కళను చూపించే వారం రోజుల యాత్ర ఉందని తెలిసి, ఇద్దరి గది తీసుకున్నాను. మనిషికి నా నెల జీతం కన్నా కాస్త ఎక్కువే అయినా భోజనాలు, బస్సులు, మ్యూజియం టికెట్లు అందులోనే. తోడొస్తానన్న స్నేహితురాలు చివర్లో మానేసింది. ఆ సంగతి విని, తంజోంగ్ పగార్‌లో నేను ఒక గదిలో అద్దెకుంటున్న ఫ్లాట్ యజమానురాలు నరసమ్మ ఆంటీ "నేనొస్తాలే అమ్మాయీ" అన్నారు. అరవై అయిదు దాటిన మనిషి. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వంతెన అవతలి మలేసియా ఊరు జొహోర్ దాటి ఎక్కడికీ వెళ్లని ఆంటీ జపాన్ వస్తాననడం నాకు వింతగానే అనిపించింది. కానీ నేను అడిగిందల్లా అక్కడ తిండి సరిపడుతుందా అనే.

చాంగీ విమానాశ్రయంలో రాత్రి విమానం ఎక్కితే తెల్లారేసరికి ఒసాకా. అక్కడి విమానాశ్రయం ముందే కోబె రేవుకు బస్సు దొరుకుతుంది, గంటకు పైగా పడుతుంది. మధ్యాహ్నం ఓడ ఎక్కాం. మొదటి రెండు రోజులు దీవుల మధ్య అద్దంలాంటి నీళ్ల మీద సాగిపోయాం. మూడోరోజు పొద్దున ఒక చిన్న ఊళ్లో అచ్చు బొమ్మలు వేయడం నేర్పించారు. ఆంటీ వేసిన కొంగ నాదానికంటే బాగా వచ్చింది. భోజనమయ్యాక బస్సులో బిజెన్ వైపు బయలుదేరాం. పూత పూయకుండా, రోజుల తరబడి పైన్ కట్టెల మంటలో కాల్చే మట్టిపాత్రలకు పేరున్న ప్రాంతం అది.

అక్కడ ఎనభైకి దగ్గరపడిన ఒక కుమ్మరి తన ఇంట్లోనే తేనీరు ఇస్తాడు. చాపల మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. గైడ్ నవోకో పాతికేళ్ల పిల్ల, మాకోసం ఇంగ్లీషులో చెబుతోంది. పెద్దాయన ఎవరు ఏ దేశమో అడుగుతూ మా దగ్గరికి వచ్చాడు. సింగపూర్ అనగానే తలెత్తి, మెల్లగా, "సుదా మాకాన్?" అన్నాడు. తిన్నారా అని మలాయ్ భాషలో పలకరింపు. నాకు భలే సరదా వేసింది. పక్కకు చూస్తే ఆంటీ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయి ఉంది.

"ఈ మాట ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఆంటీ మలాయ్‌లోనే అడిగారు.

"షోనాన్‌లో" అన్నాడాయన. "సైన్యంలో ఉన్నప్పుడు."

యుద్ధంలో జపాన్ సింగపూర్‌ను ఆక్రమించి పెట్టిన పేరు అది. ఆ మాట ఒక మనిషి నోట వినడం నాకు అదే మొదలు. ఆంటీ గిన్నె కింద పెట్టి నావైపు తిరిగారు.

"నేను తెలుగులో చెప్తాను. నువ్వు ఇంగ్లీషులో చెప్పు, ఆ పిల్ల ఆయనకు చెప్తాది. మా అయ్య రేవులో మూటలు మోసేవోడు. ఓ పొద్దున పనుందని లారీ ఎక్కించారు. సయాంలో రైలు దారి వెయ్యడానికని తర్వాత తెలిసింది. మరి రాలేదు. నాకు అప్పుడు పదేళ్లు. అది చెప్పు."

మూడేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు. "చెప్పమ్మా" అన్నారు ఆంటీ. సయాం అంటే ఇప్పటి థాయ్‌లాండ్ అని కూడా కలిపి చెప్పాను. నవోకో, "మాకు బళ్లో ఇది చెప్పలేదు" అని నాతో గొణిగి, ఆగి ఆగి ఆయనకు వినిపించింది.

పెద్దాయన రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకు తాకేదాకా వంగాడు. అలాగే ఉండి ఏదో అన్నాడు. నవోకో చెప్పింది: "నేను వంటశాలలో ఉండేవాణ్ని. లారీలు మనుషులతో వెళ్లడం చూశాను. ఖాళీగా తిరిగి రావడమూ చూశాను. ఎక్కడికని అడగలేదు."

ఆంటీ చాలాసేపు ఆ వంగిన వీపు వైపే చూశారు.

"మా అయ్య పేరు అప్పన్న. ఒకసారి పలకమను."

"అపన-సాన్" అన్నాడాయన, మన 'గారు' లాంటి మాట చేర్చి.

"అప్పన్న."

"అప్పన్న" అన్నాడు ఈసారి సరిగ్గా. ఆంటీ తల ఊపి లేచారు. తేనీరు ముట్టలేదు. ఆయన గుమ్మం దాకా వచ్చి, మా బస్సు మలుపు తిరిగేవరకూ వంగే ఉన్నాడు.

సాయంత్రం ఓడ పైన కూర్చున్నప్పుడు, ఇంత మనసులో పెట్టుకుని ఎందుకు వచ్చారని అడిగాను. "ఆ మనుషులు వాళ్ల ఊళ్లో ఎలా ఉంటారో చూద్దామని" అన్నారు. మళ్లీ తనే, "మా అమ్మ చచ్చిపోయేదాకా బొట్టు తియ్యలేదు. వస్తాడనే. మేమెవ్వరం తద్దినం పెట్టలేదు. లారీలు ఖాళీగా తిరిగొచ్చాయని ఇవాళ చూసినోడే చెప్పాడు కదా" అన్నారు. మిగిలిన నాలుగు రోజులూ ఆమె ఏ మ్యూజియమూ మానలేదు. సింగపూర్ వచ్చాక మొదటి అమావాస్యకు తన కొడుకు చేత వాళ్ల తాత అప్పన్నకు తర్పణం వదిలించారు. పిండాలు పెట్టేటప్పుడు పేరు ఆవిడే గట్టిగా చెప్పారు.

ఆ దేశపు బొమ్మలు, పాత్రలు, తోటలు నేను ఊహించినదానికంటే అందంగా ఉన్నాయి. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ వాటిని చేసిన చేతులు ఇంకేం చేశాయో, ఇంకేం చూసి ఊరుకున్నాయో యాత్ర కరపత్రంలో ఉండదు. ఇప్పటికీ రేవు పక్కగా ఆఫీసుకు వెళుతుంటే లారీల వైపు చూడకుండా ఉండలేను. ఈ యాత్రకు వెళ్లాలనుకునేవారికి ఒక్కటే సలహా: సింగపూర్‌లో పాతకాలం నుంచీ ఉన్న పెద్దవాళ్లను వెంట తీసుకెళుతుంటే, టికెట్టు కొనేముందు ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చుని జపాన్ గురించి వాళ్లకేం తెలుసో అడగండి. తిండి సంగతి తర్వాత అడగొచ్చు.