అత్త కేకకు సరిపడే సాఫ్ట్‌వేర్

మా మేనత్త రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడి తోటకు కాపలా. తోటలోనే పాక, పాకలోనే కాపురం. కోతుల్ని తోలడానికి డబ్బా వాయించడం, ఒడిసెల తిప్పి రాయి విసరడం ఆమెకు వచ్చు గానీ, వాటి అవసరం పెద్దగా పడేది కాదు. "హోయ్, మీ మొహాలు మండ!" అని ఒక్క కేక వేస్తే కోతుల సంగతి సరే, పక్క తోటలో కాయ కోసేవాళ్లు కూడా నిచ్చెన దిగేవాళ్లు.

ఆ ఏడు పిందె ఊరే వేళకు అత్త గొంతులో చిన్న పొక్కు లేచింది. వేసవంతా కేకలు వేయకూడదని నూజివీడులో డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

"కాపు కాలం కదత్తా, చెట్టుకు కాసినట్టే నీ గొంతుకూ కాసింది" అన్నాను.

మామూలుగా అయితే ఆ మాటకు వీధి వీధంతా వినేలా తిట్టేది. ఆ రోజు కళ్లతోనే తిట్టింది. అప్పుడు వేసింది నాకు భయం.

కేక లేని కాపలా ఎందుకని తోట ఆసామి వేరే మనిషిని పెట్టుకుంటే పనీ పోతుంది, పాకా పోతుంది. మావయ్య పోయాక ఆమెకు ఇల్లంటే ఆ పాకే. "నన్ను ఆ తోటలోంచి కదపకుండా చూడరా అల్లుడూ" అంది గుసగుసగా. అత్త నన్ను తిడితే నాకు అలవాటే. బతిమాలితే ఎటు చూడాలో తెలియలేదు.

నాది నూజివీడులో మైకుసెట్టు కొట్టు. చర్చి పాటలు, ఆటోల్లో తిరిగే ప్రకటనలు రికార్డు చేసి పెడతాను. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు కాబట్టి అది ఇద్దరికీ ఇష్టమయ్యే జరిగిందనుకుంటాను.

మొదట అందరూ చేసేదే చేశాను. చిరుతపులి గాండ్రింపు ఒకటి ఫోన్లోకి దించి, చెట్టుకు బాకా స్పీకరు కట్టి వినిపించాను. మొదటి రోజు కోతులు పారిపోయాయి. మర్నాడు పై కొమ్మకు జరిగాయి. ఆ తర్వాత ఒక ముసలి కోతి వచ్చి స్పీకరు మీదే కూర్చుని పిల్లకు పేలు చూసింది. దాన్నీ అనడానికి లేదు. పులిని చూసిన కోతి మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు. మా అత్తను చూడని కోతి లేదు.

కాబట్టి అత్త గొంతే కావాలి. పోయిన ఏడు కోతలప్పుడు ఆమె తిట్లను సరదాకి రికార్డు చేసి దాచుకున్నాను, అవి ఉన్నాయి. కానీ అదే కేకను తిప్పి తిప్పి వేస్తే కోతులు బట్టీ పట్టేస్తాయి. బతికున్న మనిషి ఏ కేకా రెండోసారి అచ్చం అలాగే వేయదు కదా. ఆ తేడాను పుట్టించే సాఫ్ట్‌వేర్ ఏదో తెలియక, విజయవాడలో షార్ట్ ఫిల్ములకు సౌండు చేసే స్నేహితుడికి ఫోను చేశాను.

"పెద్దది తీసుకో బావా. అందులో లేనిదంటూ లేదు."

"అన్నీ ఉంటే నాక్కావలసింది ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?"

"మాన్యువల్ చదవాలి."

"చదివేవాణ్ణయితే బడిలోనే ఉండేవాణ్ణి కదా!"

అయినా ట్రయల్ వేసి చూశాను. తెరవగానే విమానం నడిపే సీట్లో కూర్చున్నట్టుంది. ఒక మీట తిప్పితే అత్త ఉరుమైంది, ఇంకోటి తిప్పితే గంటైంది, మరోటి తిప్పితే బావిలో కప్పైంది. నాకు మహా ముచ్చటేసింది. తోటలో వేస్తే కోతులక్కూడా ముచ్చటేసినట్టుంది, కదలకుండా కూర్చుని విన్నాయి. అత్త మాత్రం "ఇది నేను కాదురా, ఎవరో పూనకం వచ్చిన మనిషి" అని గొణిగింది. తర్వాత ఉచితంగా దొరికే ఇంకొకటి చూశాను. నా పాత లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది గానీ, నా చేతిలో అది కోయడం, అతికించడం దాటి పోలేదు.

అప్పుడు తట్టింది. మా వైపు బంగినపల్లిని కత్తితో కోసుకుని తింటాం. చిన్న రసాన్ని కోయం. తోలు చిట్లకుండా చుట్టూ మెల్లగా పిసికి, తొడిమ దగ్గర కొరికి పీలుస్తాం. ఉచితం సరుకు కోసే కాయ. పెద్ద సరుకును నేను పిసికితే తోలు చిట్లి మోచేతి దాకా కారింది. అప్పట్నుంచి ఎన్ని మీటలున్నాయని చూడటం మానేశాను. అత్త గొంతు చిట్లకుండా సాఫ్ట్‌వేర్ ఎంత పిసకనిస్తుంది? అదొక్కటే చూశాను.

అలా వెతగ్గా పెద్దగా ఎవరూ వాడని చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అందులో గ్రెయిన్ అని రాసి ఉంటే గింజ అనుకున్నాను. నిజంగా గింజే! కేకను సన్నటి గింజలుగా రాల్చి మళ్లీ చల్లుతుంది. ప్రతిసారీ చల్లే తీరు వేరు. "హోయ్" ఒకసారి సాగుతుంది, ఒకసారి తెగుతుంది. అసలు రికార్డింగు మాత్రం చెక్కు చెదరదు. లాప్‌టాప్ ఫ్యాను రైసు మిల్లులా మోగినా పట్టించుకోలేదు.

పరీక్షకు అత్తనే కూర్చోబెట్టాను.

"ఇదెవరు?"

"నేనే. జలుబు చేసినప్పటి నేను."

"మరిది?"

"ఇదీ నేనే. మీ మావయ్య మీద అరిచినప్పటి నేను."

గొంతు కాస్త దించి, కాస్త సాగదీసి ఇంకోటి వినిపించాను. అత్త స్పీకరు దగ్గరికి జరిగి చెవి పెట్టింది. "ఒరే, ఇది మా అమ్మరా" అంది. "దీన్ని కోతులకెయ్యబాక. నా ఫోన్లో ఎక్కించు."

ఎక్కించాను. మిగతా కేకలను ఎడం ఒకేలా ఉండకుండా పేర్చి, పూటంతా మోగేలా చేసి, తోట నాలుగు మూలలా స్పీకర్లు కట్టాను. కోతులు వచ్చాయి, విన్నాయి, వెళ్లిపోయాయి. ఏ చెట్టు వెనక అత్త ఉందో తెలియక, మళ్లీ వచ్చినా గట్టు దాటలేదు.

అత్త గొంతు పోయిందని ఎవరో ఆసామి చెవిన వేశారట. తేల్చుకుపోదామని ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చాడు. నేను అక్కడే బ్యాటరీ మారుస్తున్నాను. ఆయన నడుస్తూ నడుస్తూ చేతికందే కొమ్మను పట్టుకున్నాడు.

"హోయ్, మీ మొహాలు మండ!"

ఆయన కొమ్మ వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. "నేనేనమ్మా, నేనే!"

"దిగు! దిగుతావా లేదా!" అంది వెనక చెట్టు. నేల మీద నిలబడ్డ మనిషి ఇంకెక్కడికి దిగుతాడు?

అత్త పాకలోంచి చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి, "రండయ్యగారూ" అంది సన్నగా. ఆయన ఆమెనూ చూశాడు, చెట్టునూ చూశాడు. "నువ్విక్కడుంటే అక్కడ అరిచేదెవరమ్మా?"

"నేనేనండీ. మా అల్లుడు కట్టాడు."

ఆయన పడీ పడీ నవ్వాడు. నీళ్లు తాగి, "వచ్చే కాపుకీ నువ్వే ఉండు. కాకపోతే నేనొచ్చే ముందు ఫోను చేస్తాను, దాన్ని కాస్త ఆపు" అన్నాడు.

"ఆపడం నాకు తెలీదండీ, నన్నడిగితే ఎలా" అంది అత్త, వినయంగా తల వంచుకుని.

ఆపే మీట నేను ఆమెకు అన్నిటికంటే ముందే చూపించాను.