స్రెతెన్ బాబాయ్ నేర్పిన కెప్టెన్ పని

స్రెతెన్ మలేషెవ్ ముప్ఫై నాలుగేళ్ళు మా ఊరి పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేశాడు. ఆ హోరుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఉద్యోగం కంటే ఫ్యాక్టరీ చదరంగం జట్టులో నాలుగో బోర్డు మీదే ఆయనకి మోజెక్కువ. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు అందరూ జీతం పోయిందని ఏడిస్తే ఈయన జట్టు పోయిందని ఏడ్చాడట. ఆ మాట చెప్పి ఆయన భార్య పెర్సిదా పడీపడీ నవ్వేది. నాలుగేళ్ళ కిందట ఆవిడా పోయింది. పిల్లలు లేరు.

అరవై దాటాక లైబ్రరీలో కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఊళ్ళో మిగిలిన ఆటగాళ్ళనీ, పొట్టకూటికి ఊరు వదిలినవాళ్ళనీ వెతికి పట్టుకుని ఆన్‌లైన్ జట్టు కట్టాడు. డాన్యూబ్ నది మీద సరుకు పడవ నడిపే జివాన్, స్కూల్లో వంట చేసే యాగొద, పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే నేను, ఇంకో ముగ్గురు, ఆయన. మొత్తం ఏడుగురం, పందెంలో ఆడేది ఆరుగురు: అందరికంటే గట్టివాడు ఒకటో బోర్డు, బలహీనుడు ఆరో బోర్డు. అందరం కలిసి ఒక గదిలో కూర్చున్నది ఏనాడూ లేదు. ఎవరింట్లో వాళ్ళం తెర ముందు కూర్చుని ఆడతాం. గెలిచినా గోడకే చెప్పుకోవాలి, ఓడినా గోడకే.

తొమ్మిదేళ్ళు ఆయనే కెప్టెన్. పోయిన వసంతంలో చూపు ఆనడం లేదని ఆ పని నాకు అంటగట్టాడు. తీసా నది కట్ట మీది కాఫీ కొట్టుకి రమ్మని కబురు పెట్టి, కుర్చీ లాగి నన్ను తన కుడివైపు కూర్చోబెట్టుకున్నాడు.

"ఒలివెరా, రాసుకుంటావా, బుర్రలో పెట్టుకుంటావా?"

"చెప్పండి బాబాయ్. బుర్రలో ఖాళీ బోలెడుంది."

"అది నీ ఆట చూస్తేనే తెలుస్తోందిలే. సరే విను. మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి. ఓడినవాడు మెసేజ్‌లో బానే ఉన్నానని రాసేస్తాడు. గొంతు వింటే సంగతేంటో తెలిసిపోద్ది. ఆట నడుస్తుండగా ఎత్తుల గురించి నోరెత్తకు. డ్రాకి ఒప్పుకో, ఒప్పుకోకు, ఆ రెండు ముక్కలే నువ్వు అనొచ్చు. ఓడాక పది నిమిషాలు వాడి జోలికెళ్ళకు. పదకొండో నిమిషంలో మాత్రం వదలకు. ఒకటో బోర్డు వాడి సంగతి వాడు చూసుకుంటాడు, నువ్వు ఆరో బోర్డుని చూసుకో."

"అంతేనా?"

ఆయన కాసేపు కాఫీ కప్పుని సాసర్లో అటూ ఇటూ తిప్పాడు. "ఇంకోటుంది. ఎవర్ని పక్కన పెడుతున్నావో వాళ్ళకి నువ్వే చెప్పాలి. పేర్లు బయటికి రాకముందే చెప్పాలి."

ఈ చివరిది ఆయన మిలోయె దగ్గర నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ రోజుల నుంచీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహితులు. ఒక ఆదివారం మిలోయెని పక్కన పెట్టి, చెప్పడానికి మొహం చెల్లక, ఈయన ఊరుకున్నాడు. మిలోయె ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని, జట్టు జాబితాలో తన పేరు కోసం పైకీ కిందకీ వెతుక్కున్నాడట. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఈయన ఎదురొస్తే వీధి దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు. "చెప్పుంటే తిట్టేవాడు. తిట్టించుకుంటే సరిపోయేది," అన్నాడు స్రెతెన్ బాబాయ్.

శరదృతువులో ఆయన వరసగా ఐదు ఆటలు ఓడిపోయాడు. ఆలోచన బాగానే ఉండేది. గుర్రాన్ని కదపాలనుకుని పక్కనున్న బంటుని నొక్కేవాడు. డిసెంబరు ఇరవైన జరిగే ఆట గెలిస్తే మేము లీగ్‌లో పై తరగతికి వెళ్తాం, ఓడితే ఇక్కడే పడి ఉంటాం. జివాన్ పడవ మీంచి ఫోన్ చేశాడు.

"బాబాయ్ అంటే నాకు ప్రాణం, ఒలివెరా. కానీ బాబాయా, పై తరగతా, ఏదో ఒకటి తేల్చుకో."

"నువ్వు చెప్పు ఆయనకి."

"నేనెందుకు చెప్తాను? కెప్టెన్వి నువ్వు కదా!"

తేల్చుకున్నాను. ఆరో బోర్డు యాగొదకి ఇచ్చాను. పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఆరింటికల్లా నేను పేర్లు పంపాలి, పంపగానే అందరికీ కనబడతాయి. ఆ మధ్యాహ్నం మూడుసార్లు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. ఇక లాభం లేదని నేనే బయల్దేరాను.

పంతొమ్మిది సెయింట్ నికోలా రోజు. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు, ఆ వేల్పు పేరున ఏటా స్లావా పండగ. దానికి ఎవరినీ పిలవరు, తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రావాలి. ఊళ్ళో సగం ఇళ్ళకి వేల్పు నికోలానే కావడంతో ఆ రోజు ఎవరికైనా మూడు నాలుగిళ్ళు తిరగడమే సరిపోతుంది. నేనూ మా బావగారింటికి వెళ్తూ, దారిలో ఈ చేదు పని ముగించుకుందామనుకున్నాను. స్రెతెన్ బాబాయ్‌ది కూడా అదే పండగని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళ పరిచయంలో ఒక్కసారీ అడగలేదు.

తలుపు తీస్తే ఆయన సూటూ టైలో ఉన్నాడు. వెనక బల్ల మీద పెద్ద కొవ్వొత్తి వెలుగుతోంది. గుండ్రటి రొట్టె, పన్నెండు పళ్ళేలు.

"వచ్చావా అమ్మాయ్! రా, రా. ఒక్కళ్ళయినా రాకపోతారా అనుకుంటూనే ఉన్నా." నా భుజం మీదుగా గేటు వైపు చూశాడు. "మిగతావాళ్ళు వెనకాల వస్తున్నారా?"

"వాళ్ళు... పనుల్లో ఉన్నారు బాబాయ్."

"అవున్లే, జివాన్ నీళ్ళ మీద ఉంటాడు. నువ్వొచ్చావు, అది చాలు."

కోటు విప్పి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆనవాయితీ ప్రకారం ముందు ఉడికించిన గోధుమలు ఒక చెంచా పెట్టాడు. ఎర్రటి చేపల పులుసు వడ్డించాడు. స్లావా నాడు ఇంటాయన కూర్చోడు, వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ నిలబడే ఉంటాడు. నేనొక్కదాన్నే తింటుంటే ఆయన గరిటె పట్టుకుని నా వెనకే నిలబడి, ఇది తిను, అది తిను అంటూ పెర్సిదా కబుర్లు చెప్పాడు. పులుసు బ్రహ్మాండంగా ఉంది.

ఐదున్నర అయింది. ఆయన పేరు పెట్టేద్దామా అనుకున్నాను. మిగతా అయిదుగురి మొహాలు గుర్తొచ్చాయి. చెప్పకుండా పంపేద్దామా అనుకున్నాను. మిలోయె గుర్తొచ్చాడు. ఆరింటికి పది నిమిషాలుందనగా, పళ్ళెంలోకి చూస్తూ, "బాబాయ్, రేపటి ఆటలో మీరు లేరు," అన్నాను.

"చేప ఇంకో ముక్క వెయ్యనా?" అన్నాడు ఆయన.

ఆయన నిలబడ్డది నా వెనక, కుడివైపు. ఆయన వినబడని ఎడమ చెవి నా వైపుంది. అది తెలిసే అన్నానేమో, ఇప్పటికీ నాకు అనుమానమే. లేచి, బల్ల చుట్టూ తిరిగి ఆయన అవతలి పక్కకి వెళ్ళి మళ్ళీ చెప్పాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆరో బోర్డు ఎవరు?"

"యాగొద."

"తెల్లా, నల్లా?"

"నల్ల."

"మంచిదే. నల్లతో అది తొందరపడదు." గరిటెని జాగ్రత్తగా గిన్నెలో పెట్టాడు. "ఫోన్ చెయ్యకపోయావా?"

"మూడుసార్లు చేశాను బాబాయ్. మీరు ఎత్తలేదు."

"అవును, లోపల గదిలో పెట్టేశా. పండగ నాడు ఫోనెందుకని." నా పళ్ళెం వైపు చూశాడు. "అయితే అందుకని వచ్చావా? పండక్కి రాలేదన్నమాట."

అబద్ధం ఆడాల్సింది. పండక్కే వచ్చాను బాబాయ్ అని ఒక్క ముక్క అంటే ఎవరి సొమ్మూ పోయేది కాదు. నేను తల దించుకున్నాను, ఆయనకి జవాబు దొరికింది.

"కెప్టెన్ చెయ్యాల్సిన పని చేశావు. టైమవుతోంది, పేర్లు పంపించు," అన్నాడు.

ఆయన ముందే పంపాను. రెండుసార్లు తప్పు చోట నొక్కాను. తలెత్తేసరికి ఆయన లేచి, ఎవరూ ముట్టని పదకొండు పళ్ళేలనీ ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. సాయం చేద్దామని ఒకటి అందుకోబోయాను.

"నువ్వు కూర్చో," అన్నాడు ఆయన నా చేతిలోంచి తీసుకుంటూ. "ఇంటికొచ్చిన చుట్టానివి."